పాత గొంతు కోసం

జనవరి 9, గురువారం

పొద్దున లేచేసరికి మా ఆవిడ గొంతు మారిపోయింది.

ఫోను తనంతట తానే అప్‌డేట్ అయిందట. నేను స్నానాల గదిలో ఉండగా వంటింట్లోంచి ఎవరో అమ్మాయి "ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది" అంది. వార్తలు చదివే పిల్లలా, ఎక్కడా తడబడకుండా. ఇంత పొద్దున్నే ఎవరొచ్చారా అని తువ్వాలుతోనే బయటికొచ్చాను. తనొక్కతే ఉంది. ఫోను చేత్తో పట్టుకుని నన్ను చూసి భుజాలు కదిలేలా నవ్వుతోంది.

నాలుగేళ్ళయింది, క్యాన్సరని డాక్టర్లు తన గొంతు తీసేసి. అప్పట్నుంచీ తను టైప్ చేస్తుంది, ఫోను చదువుతుంది. కోర్టులో టైపిస్టుగా అరిగిన వేళ్ళు కదా, జనం నోటితో మాట్లాడేంత జోరుగా మాట్లాడుతుంది. ఆ పాత గొంతు కొంచెం బొంగురు. "ఏ" దగ్గర ఓ క్షణం ఆగి, చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు, అప్పుడు "మండీ" అనేది. నన్ను తిట్టింది ఆ గొంతే. మందులు వేసుకున్నారా అని అడిగింది ఆ గొంతే. వింటూ వింటూ అది ఫోనుదన్న సంగతే మర్చిపోయాను.

"పాతదాన్ని వెనక్కి తెప్పిస్తాలే" అన్నాను.

"ఇదీ బాగానే ఉందిగా" అంది కొత్త గొంతు.

బాగోలేదు.

జనవరి 10

సెట్టింగులన్నీ వెతికాను. పాత గొంతు ఎక్కడా లేదు. రిపేరు షాపతను ఫోను ఇటూ అటూ తిప్పి చూసి, "వెనకటి వెర్షన్‌కి పోనివ్వరు సార్. కొత్త ఫోను తీసుకోండి" అన్నాడు. కొత్త ఫోన్లో పాత గొంతు ఉంటుందా అంటే ఇంకో గిరాకీతో మాటల్లో పడ్డాడు.

తన మెడ మీద, గాలి పీల్చుకునే రంధ్రం పక్కన, చిన్న గట్టిదనం తగులుతోందని నా వేలు పట్టుకుని చూపించింది. చలికి అయ్యుంటుంది. ఆయింట్‌మెంటు రాయమన్నాను.

జనవరి 14

నా బటన్ల ఫోన్లో ఏమీ కనపడదు. అందుకని నేను పాఠాలు చెప్పే డ్రైవింగ్ స్కూల్ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఫోన్ల సిస్టం సొంతంగా మార్చుకునేవాళ్ళ ఫోరం ఒకటి ఇంటర్నెట్లో దొరికింది. అక్కడ 'గుడ్లగూబ' అని పేరు పెట్టుకున్న మనిషి నాకు జవాబిచ్చారు. మగో ఆడో తెలియదు. ఓపిక మాత్రం చాలా ఉంది.

నాకు అర్థమైనంతవరకు ఇది. మా స్కూలు కార్లో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలోనే ఉన్నా, బండి ఆగాలా సాగాలా అన్నది నా కాలి కింద ఉంటుంది. ఫోనూ అంతే. డబ్బు పెట్టి కొన్నది మనం, బ్రేకు మీద కాలు కంపెనీది. ఆ బ్రేకు ఊడదీయడాన్ని బూట్‌లోడర్ అన్‌లాక్ చేయడం అంటారు. కంపెనీ ఇంజను దించేసి వేరేవాళ్ళు కట్టిన ఇంజను ఎక్కించడం కస్టమ్ రోమ్. ఇక బానెట్ తెరిచి ఏ నట్టు కావాలంటే ఆ నట్టు తిప్పే అధికారం చేతికి రావడం రూట్.

గుడ్లగూబ రాసింది: "మీరు చెప్పే గొంతు ఫైలు నా దగ్గర ఉంది. పాత సిస్టంలోనే పలుకుతుంది. ముందు తాళం తీయాలి, తర్వాత పాత సిస్టం ఎక్కించాలి, ఆఖర్న రూట్ చేసి ఈ ఫైలు లోపల పెట్టాలి. తాళం తీయగానే ఫోన్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాపీ తీసుకోండి. తొందరపడకండి."

ఎన్నో వందల మందికి కారు నేర్పాను, తొందరపడొద్దని నాకు చెప్పాలా!

జనవరి 17

మరదలు వచ్చింది. మందుల షాపు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో బ్యాడ్జీ కూడా తీయలేదు.

"బావా, అక్క మెడ చూశావా?"

"చూశాను. ఆయింట్‌మెంటు ఇచ్చాను."

"ఏం ఆయింట్‌మెంటు? అది ఆయింట్‌మెంటుతో పోయేదా?"

రేపే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆస్పత్రికి వెళ్తారట. నాకు ఆ పూట క్లాసులున్నాయి.

జనవరి 18

ముక్క తీసి పరీక్షకు పంపారట. ఎప్పుడూ తీస్తూనే ఉంటారు. వాళ్ళకదో అలవాటు.

జనవరి 20

తాళం తీసే కోడ్ కోసం కంపెనీ సైటులో అర్జీ పెట్టుకోవాలి. అంతకు ముందు ఫోన్లో బిల్డ్ నంబరు మీద టకటకా ఏడుసార్లు నొక్కితే, "మీరిప్పుడు డెవలపర్" అని వచ్చింది. ఇంత సులువుగా మనిషి ఇంకొకడైపోతాడా అని నవ్వొచ్చింది. తనకు చూపించాను. తనూ నవ్వింది గానీ కళ్ళు వేరెక్కడో ఉన్నాయి.

అర్జీలో ఒక ప్రశ్న: "మీరెందుకు తాళం తీయాలనుకుంటున్నారు?" "భార్య గొంతు కోసం" అని రాశాను. గడి చిన్నది, అంతకన్నా పట్టలేదు.

వారం ఆగాలట.

జనవరి 23

ఇంటికొచ్చేసరికి తను మరదలితో కబుర్లాడుతోంది. గుమ్మంలోకి వినిపిస్తోంది. కొత్త గొంతు ఏదో అంటోంది, మరదలు పడీపడీ నవ్వుతోంది. నన్ను చూడగానే ఇద్దరూ ఆగిపోయారు.

కొత్త గొంతు స్థాయి తను కొంచెం కిందికి దించుకుందట, ఇప్పుడు కాస్త వయసొచ్చినట్టు వినిపిస్తోందట. "వినండి" అని ఏదో టైప్ చేయబోయింది.

"ఎందుకోయ్ శ్రమ, ఎలాగూ పోయేదే" అన్నాను.

ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

జనవరి 24

రిపోర్టు వచ్చింది. ఫ్రిజ్ మీద పెట్టాను.

కోడ్ ఇంకా రాలేదు.

జనవరి 27

కోడ్ వచ్చింది!

ఫోటోలు, నంబర్లు ముందే ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చుకున్న కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కేబుల్ తగిలించి, గుడ్లగూబ చెప్పినట్టు ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టాను. తెర నల్లబడింది, మళ్ళీ వెలిగింది, కొత్తగా కొన్న ఫోనులా "స్వాగతం" అంది. పిల్లాడిలా గెంతాను.

తను వచ్చి ఫోను తీసుకుంది. మాట్లాడే యాప్ మళ్ళీ వేసుకుంది. తెరిచి చూసి, నా వైపు తిరిగి, పెదాలతో అడిగింది. "నావి?"

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అంది. "నా వాక్యాలు?"

మాటిమాటికీ టైప్ చేయక్కర్లేకుండా తను దాచుకున్నవి. అవి ఆ యాప్ కడుపులో ఉంటాయి, ఫోటోలతో పాటు రావు. నాకు తట్టలేదు. గుడ్లగూబ చెప్పింది. కాపీ తీసుకోండి అంది. ఏమేం ఉన్నాయో తనను అడిగి ఉంటే చెప్పేదే. నేనడగలేదు.

ఏమేం ఉండేవో గుర్తు చేసుకుంటున్నాను. "కొంచెం ఆగండి, టైప్ చేస్తున్నాను." "పోయింది గొంతే, చెవులు కాదు, అంత గట్టిగా అరవక్కర్లేదు." ఇది కూరల షాపతని కోసం. "మా ఆయన మాటలు పట్టించుకోకండి, ఆయనంతే." ఇది అందరి కోసం. నాలుగేళ్ళుగా ఒక్కొక్కటే పోగేసుకున్నవి.

"మళ్ళీ కొట్టుకుందువుగాని లే, నీకెంతసేపు" అన్నాను.

జనవరి 29

పాత సిస్టం ఎక్కించాను. ఫోను కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోతోంది. ఆరిపోతుంది, బొమ్మ వస్తుంది, ఆరిపోతుంది.

జనవరి 30

బొమ్మ.

జనవరి 31

గుడ్లగూబ రెండు మార్గాలు చెప్పింది. రెండూ చేశాను. బొమ్మే.

మరదలు తన ఫోను ఇస్తానంది. "ఎందుకమ్మా, రెండ్రోజుల్లో అయిపోతుంది" అన్నాను. మందుల ఆర్డర్లన్నీ ఆ ఫోనుకే వస్తాయి, దాని పని ఆగిపోదూ? మరదలు వాళ్ళక్క వైపు చూసింది. తను వద్దన్నట్టు తలూపింది. నాకోసమే ఊపినట్టుంది.

ఇల్లంతా నిశ్శబ్దం. ఏదైనా కావాలంటే బల్ల మీద తడుతుంది. ఒక తట్టు అంటే నన్ను పిలవడం, రెండు తట్లు నీళ్ళు. మధ్యాహ్నం కాగితం మీద "మాట్లాడాలి" అని రాసి నా కంప్యూటరు మీటల మీద పెట్టింది.

"ఇదిగో, ఇది అయిపోనీ. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినంతసేపు మాట్లాడుకుందాం" అన్నాను.

కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 3

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రిపోర్టు ఆవిడే విప్పి చదివింది. నేను కిటికీలోంచి బయట ఒకడు బండి వెనక్కి తీయలేక అవస్థ పడడం చూస్తున్నాను.

జబ్బు తిరగబెట్టిందట. ఆపరేషన్ చేయొచ్చట. ఈసారి ఆహారం దిగే దారి కూడా తీసేయాలి. తర్వాత తిండి పొట్టలోకి గొట్టం ద్వారానే. అయినా పూర్తిగా నయమవుతుందని చెప్పలేనంది. చేయకపోతే నెలలే అంది. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. నా తలలోకి మాత్రం "చేయొచ్చు" అన్న ఒక్క మాటే ఎక్కింది.

"ఏమంటారమ్మా?" అని తనను అడిగింది.

తను సంచీలోంచి కాగితం, పెన్ను తీసింది. రాయడం మొదలుపెట్టింది. టైపు చేసినంత జోరుగా రాయలేదు. పెన్ను మెల్లగా సాగుతోంది. బయట జనం. నర్సు తలుపు తీసి చూసింది, మళ్ళీ తీసి చూసింది.

"చేయించుకుంటుంది డాక్టరుగారూ. డేటు ఇవ్వండి" అన్నాను.

తను బల్ల మీద తట్టింది. ఒక తట్టు. అంటే నన్నే.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాను.

డాక్టరమ్మ ఇద్దర్నీ చూసింది. డేటు రాసిచ్చింది.

కార్లో తన కాగితం నా ముందుకు చాపింది. కళ్ళజోడు తెచ్చుకోలేదన్నాను. కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది. తనకది కనపడుతూనే ఉంది. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఫిబ్రవరి 4

ఆపరేషన్ ఇరవయ్యో తేదీన. మంచిది.

ఫిబ్రవరి 6, గురువారం

తప్పు దొరికింది. మా ఫోను రకంలోనే రెండు మోడళ్ళున్నాయి, ఆఖరి అక్షరం ఒక్కటే తేడా. నేను వేరేదాని ఫైలు ఎక్కిస్తూ వచ్చాను. గుడ్లగూబ అడిగితే సిమ్ పెట్టే చిన్న సొరుగు లాగి, భూతద్దం పెట్టి చూశాను. డీజిల్ బండిలో పెట్రోలు పోసినట్టు చేశానన్నమాట ఇన్నాళ్ళూ.

సరైన ఫైలు వేశాను. బొమ్మ దాటింది. రూట్ చేశాను. గొంతు ఫైలును దాని స్థానంలో పెట్టాను. ఫోను ఆపి మళ్ళీ వెలిగించాను. మాట్లాడే యాప్ వేసి, తనను పిలిచి చేతికిచ్చాను.

తను నిలబడే టైప్ చేసింది. మీట నొక్కింది.

"ఏ... మండీ. నేను ఆపరేషన్ చేయించుకోను."

అదే గొంతు! అదే బొంగురు, అదే ఆగడం. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకోసారి! ఇంకోసారి వినిపించు" అన్నాను.

తను నన్నే చూస్తూ నొక్కింది.

"ఏ... మండీ. నేను ఆపరేషన్ చేయించుకోను."

"విన్నావా? అచ్చం అదే! 'మండీ' దగ్గర చూడు... ఇంకొక్కసారి!"

తను మళ్ళీ నొక్కింది. ఈసారి ఫోను నా చెవి దగ్గరకు తెచ్చి పట్టుకుంది. రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"ఏ... మండీ. నేను ఆపరేషన్ చేయించుకోను."

అప్పుడు విన్నాను.

ఫిబ్రవరి 7

మాట్లాడలేదు. నేనే.

ఫిబ్రవరి 8

పాఠం మధ్యలో నేర్చుకునే ఆవిడ మీద అరిచాను. ఆవిడ తప్పేమీ లేదు. స్కూలు నుంచి తిన్నగా ఇంటికి పోకుండా కార్లోనే కూర్చున్నాను.

తను లేకుండా ఎలాగో నాకు తెలియదు. ఇది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మరదలు వచ్చింది. తనే పిలిపించినట్టుంది. ముగ్గురం వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం.

"నీకు ముందే తెలుసా?" అని మరదలిని అడిగాను.

"ముక్క తీసిన రోజే చెప్పింది బావా, జబ్బు తిరగబెడితే ఇక కోత వద్దని. నీకు తనే చెప్పుకుంటానంది. చెప్పనిచ్చావా నువ్వు? వారం పైగా దాని నోరు కట్టేసి బల్ల మీద పెట్టుకున్నావు."

"గొంతు తెద్దామనే కదా నేను..."

"ఎవరికి?"

నేను తన వైపు చూశాను. తను టైప్ చేస్తోంది. ఈసారి ఆగాను. చాలాసేపు కొట్టింది.

"ఏ... మండీ, నా గొంతు ఆపరేషన్ బల్ల మీద పోయింది. ఆ తర్వాతవి రెండూ కంపెనీవాళ్ళవే. నాకు తేడా ఏమీ లేదు. మీకు పాతది ఇష్టమైతే అదే ఉండనివ్వండి. మీరు ఇంత కష్టపడ్డారని నాకు తెలుసు. ఆరోజు కాగితం ఇస్తే కళ్ళజోడు లేదన్నారు. అందుకే ఫోను బాగయ్యేదాకా ఆగాను. చెవులు లేవనలేరు కదా."

మరదలు నవ్వబోయి ఏడ్చింది.

"చేయించుకుంటే ఇంకొన్నాళ్ళు ఉంటావుగా" అన్నాను.

"ఉంటానేమో. గొట్టంతో. పోయినసారి మాట పోయింది, సరే అన్నాను. ఈసారి ముద్ద కూడా పోతుందంటే నా వల్ల కాదు. మీతో కూర్చుని తిన్నన్నాళ్ళు తింటాను. నొప్పికి మందులు ఇమ్మందాం. నేను భయపడి అనడం లేదు. బాగా ఆలోచించుకునే అంటున్నాను."

"నా సంగతేంటి?"

పిచ్చి ప్రశ్న. అడిగేశాను.

తను ఫోను పక్కన పెట్టి, లేచి వచ్చి, నా తలను తన పొట్టకు ఆనించుకుంది. మెడ రంధ్రంలోంచి గాలి లోపలికీ బయటికీ పోవడం పైనుంచి వినిపిస్తోంది. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు నేను సరిగ్గా వినలేదు. అదీ తనదే. అదొక్కటే పూర్తిగా తనది.

ఫిబ్రవరి 12

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి. తను టైప్ చేసింది, ఫోను చెప్పింది. ఆపరేషన్ వద్దు, నొప్పి లేకుండా చూడండి, ఇంట్లోనే ఉంటాను, మింగలేని రోజు వస్తే అప్పుడేం చేయాలో ఇప్పుడే చెప్పండి. కోర్టు కాగితంలా చుక్క, గీత పొల్లుపోకుండా ఉంది. డాక్టరమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

చివర్న నన్ను చూసింది. "మీరేమంటారు?"

చేయించుకుంటుంది అన్న మాట నోటి దాకా వచ్చింది. నిజం. ఇప్పటికీ.

"తను చెప్పింది విన్నారు కదా డాక్టరుగారూ" అన్నాను.

ఇరవయ్యో తేదీ కొట్టేసింది.

మార్చి 2

వాక్యాలు మళ్ళీ పోగేసుకుంటోంది. ఇవాళ్టిది: "మీరు నమలండి, నా మొహం చూడకండి."

మార్చి 15

ద్రాక్షపళ్ళు తింది. తొక్క తీసి, గింజ తీసి ఇచ్చాను. మరదలు "రాజభోగం" అంది. తను "ఆలస్యంగా వచ్చిన రాజు" అంది.

మార్చి 29

ఇప్పుడు మెత్తగా చేసినవే. అయినా బల్ల దగ్గరే, ఎదురుగా కూర్చునే తింటోంది. భోజనానికి గంట పైన పడుతోంది. స్కూల్లో మధ్యాహ్నం క్లాసులు మానేశాను.

ఏప్రిల్ 11

చాలాసేపు మాట్లాడింది. తన చిన్నప్పటి సంగతులు, కోర్టులో ఒక జడ్జిగారి తుమ్ముల సంగతి, నన్ను మొదటిసారి చూసినప్పుడు ఈ మనిషి ఊపిరి పీల్చకుండా మాట్లాడుతున్నాడేమిటి అనుకున్న సంగతి. నేను మధ్యలో రెండుసార్లు అడ్డం వెళ్ళాను. రెండుసార్లూ చెయ్యి ఎత్తింది. ఆగాను.

ఏప్రిల్ 30

నీళ్ళు చెంచాతో. మందు మోతాదు పెంచారు. వేళ్ళు తడబడుతున్నాయి. తప్పుగా కొట్టినదాన్ని ఫోను అలాగే తప్పుగా చదువుతోంది. మాకు అర్థమవుతోంది.

మే 10, శనివారం

పొద్దున పోయింది. మరదలు, నేను ఇద్దరం పక్కనే ఉన్నాం. నొప్పి లేదు.

మే 11

మే 19

స్కూలుకు వెళ్ళాను.

జూన్ 6

ఫోరంలో ఎవరో కొత్త మనిషి. "మొదటిసారి చేస్తున్నాను, ఏమీ తెలియదు, ఎవరైనా మొదటి నుంచి చెప్పండి" అని రాశారు. గుడ్లగూబ నన్ను చూపించి, "ఈయన బాగా చెప్తారు, మీలాగే మొదలుపెట్టారు" అంది.

సాయంత్రమంతా కూర్చుని రాశాను. మోడల్ చివరి అక్షరం చూసుకోండి. యాప్‌ల లోపల దాచుకున్నవి విడిగా కాపీ తీసుకోండి. మంచి కేబుల్ వాడండి. బొమ్మ దగ్గర ఆగిపోతే బెంబేలు పడకండి. అంతా అయ్యాక పైకి వెళ్ళి, అన్నిటికన్నా ముందు ఒక మెట్టు కలిపాను: "ఫోను ఎవరిదో ఆ మనిషిని అడగండి, వాళ్ళకేం కావాలో. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి. ఆ తర్వాతే కేబుల్ తగిలించండి."

కాసేపటికి జవాబొచ్చింది. "ఫోను నాదేనండీ. బ్యాటరీ ఎంత ఉండాలి?"

సగం పైనే ఉండాలని చెప్పాను.